రాసి ఇమ్మంటే రాయలేని పిల్లాడి తరఫున

తెలుగునాట బడులు నడుపుతున్న హెడ్‌మాస్టర్లకు, ప్రిన్సిపాళ్లకు, కరస్పాండెంట్లకు,

నమస్కారం.

ఈ ఉత్తరం ఒక తెల్లకాగితం గురించి. కిందటేడు ఆగస్టులో, మీలో ఒకరి ఆఫీసు గదిలో, అయిదుగురు మగపిల్లలకి తలా ఒక కాగితం ఇచ్చి "జరిగింది జరిగినట్టు రాసి ఇవ్వండి" అన్నారు. ఎనిమిదో తరగతి పిల్లలు. నలుగురు పేజీన్నర చొప్పున రాశారు, అదీ ఇంగ్లీషులో, 'రెస్పెక్టెడ్ సర్' అని మొదలుపెట్టి. అయిదోవాడు నా కొడుకు. నలభై నిమిషాలు కూర్చుని మూడు వాక్యాలు రాశాడు.

"వాలు నా బాగు దాచరు. రోజు దాచరు. నను మెటల్ అంటరు."

వాళ్లు, బ్యాగు, దాచారు, రోజూ, నన్ను, మెంటల్, అంటారు. ఒత్తులు పోయాయి, దీర్ఘాలు పోయాయి, సున్నా పోయింది. చెప్పాల్సిన సంగతి మాత్రం ఒక్కటీ పోలేదు. హెచ్చెమ్ గారు ఆ కాగితాన్ని రెండు వేళ్లతో పట్టుకుని నా వైపు తిప్పి, "ఏంటమ్మా ఇది? ఎనిమిదో తరగతి రాతేనా?" అన్నారు. అక్కణ్ణుంచి విచారణ దారి మళ్లిపోయింది. వాడికేం జరిగిందో అడిగేవాళ్లు లేరు. వాడికి ట్యూషన్ పెట్టించారా, ఇంట్లో ఫోన్ ఎంతసేపు చూస్తాడు, అయిదో తరగతిలో ఎందుకు పట్టించుకోలేదు... నేను సమాధానాలు చెప్పుకుంటూ కూర్చున్నాను.

దాచకుండా చెబుతాను. ఆ రోజు చెయ్యి చేసుకున్నది మావాడే. స్టీలు నీళ్లసీసా విసురుగా తిప్పాడు, ఒక పిల్లాడి కనుబొమ మీద రెండు కుట్లు పడ్డాయి. సాయంత్రం నేను వాళ్లింటికి వెళ్లి, ఆ తల్లి ఎదుట నిలబడి తప్పయిందని చెప్పి వచ్చాను. ఆవిడ నన్ను కూర్చోమని మంచినీళ్లిచ్చింది, అది ఆవిడ మంచితనం. మూడు రోజులు బడికి రావద్దన్నారు మావాణ్ణి. అందుకు నాకు అభ్యంతరం లేదు. కాకపోతే ఆ సీసా లేచింది ఆగస్టులో, బ్యాగు దాచడం మొదలైంది సంక్రాంతి సెలవులయ్యాక. మధ్యలో నడిచిన నెలలకి ఆ నలుగురూ చెప్పుకున్న సంజాయిషీ ఒక్కటే: "ఊరికే ఏడిపించాం సార్."

సారు దానికి తలూపారు.

మన భాషలో ఈ పనికి ఉన్న మాటే అది. ఏడిపించడం. ఏడ్చేలా చేయడం అని మాటలోనే ఉంది. అయినా దాని ముందు 'ఊరికే' అనో 'సరదాకి' అనో తగిలించకుండా మనం వాడం. బావ మరదల్ని ఏడిపిస్తాడు, మేనమామ మేనల్లుణ్ణి ఏడిపిస్తాడు, పక్కనున్నవాళ్లు నవ్వుతారు. ఆ నవ్వుల చాటునే బడిలో జరిగేది కూడా సాగిపోతోంది. ర్యాగింగ్ అనండి, కాలేజీ ప్రిన్సిపాళ్లు కుర్చీలో సర్దుకుని కూర్చుంటారు. 1997లోనే ఉమ్మడి రాష్ట్రంలో దానికి చట్టం వచ్చింది. ఎనిమిదో తరగతి గదిలో జరిగేదానికి అలా ఎవరినైనా కదిలించే మాట మనకి లేదు. పత్రికల్లో 'వేధింపు' అని రాస్తారు గానీ పిల్లలు ఆ మాట అనరు, "అమ్మా, నన్ను వేధిస్తున్నారు" అని ఇంటికొచ్చి చెప్పిన పిల్లాణ్ణి నేను చూడలేదు. "ఏడిపిస్తున్నారమ్మా" అంటారు. మనం "పట్టించుకోకు నాన్నా" అంటాం. మా ఇంట్లో నేను అన్నది అదే. మా వారైతే "మగపిల్లాడివి, తిరిగి ఒక్కటివ్వు" అన్నారు. ఆ ఒక్కటే స్టీలు సీసా అయింది.

సరదాకీ ఏడుపుకీ మధ్య గీత ఎక్కడ ఉందో తేల్చడం అంత కష్టమేం కాదు. నార్వేలో పనిచేసిన డాన్ ఓల్వేయస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1970ల నుంచి దీన్ని పరిశోధించాడు. 1983లో అక్కడి బడుల్లో దేశమంతటా దీన్ని ఆపే కార్యక్రమం మొదలుపెట్టారు కూడా. ఆయన చెప్పిన గుర్తులు మూడు. కావాలని చేయడం, మళ్లీ మళ్లీ చేయడం, ఇద్దరి మధ్య బలంలో తేడా ఉండడం. మొదటి రెండూ ఎవరికైనా కనిపిస్తాయి. మూడో దాని దగ్గరే మీరు పొరపడుతున్నారు. "మీవాడు వాళ్లకంటే పొడుగు కదమ్మా" అన్నారు నాతో. నిజమే, జానెడు పొడుగు. వాళ్ల బలం మాటలో ఉంది. జరిగినదాన్ని వరస పెట్టి, ముందూ వెనకా చూసుకుని, తమకి కావాల్సినట్టు చెప్పగలరు. మావాడికి నిన్న, మొన్న, పోయిన వారం కలిసిపోతాయి. "ఎప్పుడు జరిగింది? కచ్చితంగా చెప్పు" అని గట్టిగా అడిగితే కంగారుపడి మొదట చెప్పింది మార్చేస్తాడు. అడిగినవాళ్లకి అది అబద్ధంలా వినిపిస్తుంది. ఒకసారి అబద్ధాలకోరు అనిపించుకున్న పిల్లాడి మీద ఏమైనా చేయొచ్చని మిగతావాళ్లకి తెలిసిపోతుంది. పిల్లలకి ఇలాంటివి చాలా తొందరగా తెలుస్తాయి.

అన్ని నెలలు మీకెందుకు తెలియలేదని మీరు అడగవచ్చు. అడగాలి కూడా. మావాడు వాళ్లని ఫ్రెండ్స్ అనుకున్నాడు, అందుకు. ఇంటికొచ్చి వాళ్ల పేర్లే చెప్పేవాడు. పుట్టినరోజుకి వాళ్లనే పిలవమన్నాడు, పిలిచాం, వచ్చి కేకు తిని వెళ్లారు.

నాకు సంగతి చెప్పింది టీచర్లు కాదు, ఆయమ్మ. ఒక సాయంత్రం గేటు దగ్గర నన్ను పక్కకి పిలిచి, "మీ బాబు రోజూ ఇంటర్వెల్లో ఆ నలుగురికీ పఫ్‌లు కొనిపెడతాడమ్మా. తినేసి ఆ నూనె కాగితాలు వాడి జేబులో కుక్కుతారు" అంది. ఇంటికెళ్లి వాడి నిక్కరు జేబులు తిరగేశాను. లోపలి గుడ్డంతా నూనె మరకలు. వారానికి రెండు జతలు నా చేత్తోనే మెషీన్లో వేస్తున్నాను, ఒక్కసారీ చూడలేదు. పండక్కి తాతయ్య ఇచ్చిన డబ్బు అయిపోయాక నా పర్సులోంచి తీస్తున్నాడు. పర్సులో చిల్లర తగ్గుతోందని నేను మా పనమ్మాయిని అనుమానించాను. నోటితో అనలేదు గానీ, పర్సు బీరువాలో పెట్టడం మొదలుపెట్టాను, ఆ పిల్లకి అర్థమయ్యే ఉంటుంది. ఎగ్ పఫ్‌లకి బదులుగా మావాడికి దొరికింది క్రికెట్టులో చోటు. బ్యాటు ఒక్కనాడూ చేతికి రాలేదు. ప్రహరీ దగ్గర నిలబెట్టి బంతులు ఏరించేవాళ్లు. "నువ్వు మా స్టార్ ఫీల్డర్‌వి రా" అనేవాళ్లట. ఆ మాట వాడు నాకు గర్వంగా చెప్పాడు.

చదవడం, రాయడం, లెక్క, మాట, వీటిలో ఏదో ఒకటి తేలిగ్గా రాని పిల్లలకి తోడు కోసం ఆకలి ఎక్కువ. ఆ ఆకలి కనిపెట్టినవాడు కొట్టక్కర్లేదు, తిట్టక్కర్లేదు. పక్కన చోటిచ్చి ఏ పనైనా చేయించుకోవచ్చు. పెద్దవుతున్న కొద్దీ ఇది మరీ ఘోరం. మా వెనక వీధిలో పంతొమ్మిదేళ్ల అమ్మాయి ఉంది, వయసుకి తగ్గ బుద్ధి వికాసం లేదు. ఆ పిల్ల చేత ఐస్‌క్రీమ్ ఇస్తామని డాన్సు వేయించి వీడియో తీశారు వీధి కుర్రాళ్లు. ఆ పిల్ల ఆ వీడియోని వాళ్లమ్మకి తనే సంతోషంగా చూపించింది.

ఇక మీ గదులలోకి వస్తాను. మీకు కష్టంగా ఉంటుంది, ఓపిక పట్టండి.

మావాణ్ణి మెంటల్ అన్నది పిల్లలే. కానీ అంతకు ముందు మొద్దు అన్నదెవరు? శుంఠ, మట్టిబుర్ర, దద్దమ్మ, ట్యూబ్‌లైట్... ఈ మాటలు పిల్లలు కనిపెట్టినవి కావు. నల్లబల్ల దగ్గర నుంచి బెంచీల వైపు నడిచొచ్చినవి. తెలుగు మాస్టారి నోట శుంఠ అన్న మాట వినకుండా పదో తరగతి దాటినవాళ్లు నా తరంలో లేరు, దాన్ని ఆప్యాయంగా తలచుకునేవాళ్లు కూడా ఉన్నారు. ఆ మాట అనిపించుకుని కూర్చుని, మర్నాడు చదివి ఒప్పజెప్పగలిగినవాళ్లు వాళ్లు. మర్నాడు కూడా చదవలేనివాడు ఏం చేస్తాడు?

పాఠం పైకి చదివించడం సంగతి చూడండి. వరసలో ఒక్కొక్కరూ లేచి ఒక్కో పేరా చదవాలి. మావాడు తన ముందు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకుని, తనకి ఏ పేరా వస్తుందో చూసుకుని, మిగతావాళ్లు చదువుతున్నంతసేపూ ఆ పేరానే పెదాలు కదపకుండా నూరుకునేవాడు. ఒక్కోసారి మధ్యలో ఎవరో ఆబ్సెంటు. లెక్క తప్పిపోయేది. లేచి నిలబడి "స్వాతంత్ర్యం" అన్న దగ్గర ఆగిపోయేవాడు. సా దగ్గర ఒకటి, తా కింద ఒకటి, ర పక్కన ఒకటి, ఎన్ని ముడులో ఆ మాటకి. వెనక బెంచీలో ఎన్ని తప్పులు చదువుతాడని పందేలు. అయిదు దాటితే ఒకడు గెలుస్తాడు, పది దాటితే ఇంకొకడు. మేడం కూడా ఒకసారి నవ్వారట. ఆవిడ చెడ్డమనిషి కాదు, నాకు తెలుసు, నలభై ఎనిమిది మందితో వేగుతోంది. కానీ ఆ ఒక్క నవ్వుతో క్లాసుకంతా పర్మిషన్ వచ్చేసింది.

స్లిప్ టెస్టు పేపర్లు ఎక్కువ మార్కుల నుంచి తక్కువ మార్కులకి పేరు పేరునా పిలిచి పంచే పద్ధతి ఇంకా ఎన్ని బడుల్లో లేదో చెప్పండి. చిట్టచివరి పేరు ఎవరిదో పేపర్లు దిద్దకముందే పిల్లలకి తెలుసు. ఆ పేరు పిలవగానే చప్పట్లు కొడతారు. మార్కులని బట్టి సెక్షన్లు విడగొట్టి, కింది సెక్షన్‌కి ఏదో పువ్వు పేరు పెట్టినా, దాని అసలు పేరు ఆటో డ్రైవర్‌కి కూడా తెలుసు.

మావాడికి డిస్లెక్సియా అని, అంటే తెలివి ఉన్నా చదవడం రాయడం తేలిగ్గా రాని ఇబ్బంది అని చెప్పగానే నాకు వచ్చే జవాబులు రెండు. ఒకటి, "అలాంటివి పెద్ద సిటీల్లో ఉంటాయమ్మా, మీవాడికి శ్రద్ధ లేదు". రెండోది, "అయితే స్పెషల్ స్కూల్లో వేయండి". 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం పాత చట్టంలోని ఏడు వైకల్యాలని ఇరవై ఒకటి చేసింది. అందులో డిస్లెక్సియా, డిస్‌గ్రాఫియా, డిస్‌కాల్‌క్యులియా లాంటి, అంటే చదవడం, రాయడం, లెక్క తేలిగ్గా రాని అభ్యసన వైకల్యాలు ఉన్నాయి. 16వ సెక్షన్ ఒకసారి చదవండి. ప్రభుత్వ నిధులతో నడిచేవే కాదు, ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ విద్యాసంస్థ అయినా ఈ పిల్లల్ని వివక్ష లేకుండా చేర్చుకోవాలి, ఈ ఇబ్బందిని వీలైనంత చిన్నప్పుడే కనిపెట్టి తగిన పద్ధతిలో చదువు చెప్పాలి. పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, రెండో మూడో భాషల నుంచి మినహాయింపు, ఇవన్నీ 17వ సెక్షన్‌లో ఉన్నాయి. గుర్తింపు ఉందని గేటు మీద మీరే బోర్డు రాయించుకున్నారు కదా, ఆ గుర్తింపుతోపాటు వచ్చిన బాధ్యత ఇది.

శిక్షల మాట కూడా ఉంది. వైకల్యం ఉన్న మనిషిని నలుగురు చూసేచోట అవమానించాలని కావాలనే కించపరిస్తే, బెదిరిస్తే, అదే చట్టం 92వ సెక్షన్ కింద ఆరు నెలలకి తగ్గకుండా అయిదేళ్ల దాకా జైలు, జరిమానా. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ టీచర్లకి సంబంధించింది, కొట్టడంతోపాటు మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. పదమూడేళ్ల పిల్లల మీద పోలీసు కంప్లైంట్ ఇవ్వాలని నాకు లేదు, ఆ రోజూ లేదు. చుట్టాల్లో ఒకాయన "పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్, దెబ్బకి దిగొస్తారు" అన్నాడు. చేయలేదు. చేసి ఉండాల్సిందేమో. చట్టం దీన్ని 'ఊరికే' అనుకోవడం లేదని మీకు తెలియడానికే ఇదంతా రాస్తున్నాను.

అభ్యసన వైకల్యం ఉందని ఇచ్చే సర్టిఫికెట్ సంగతి ఒకటి చెప్పాలి, ఇది చాలామంది టీచర్లకి తెలియదు. 2018 జనవరిలో కేంద్రం ఇచ్చిన, 2024 దాకా నడిచిన మార్గదర్శకాల ప్రకారం ఎనిమిదేళ్లు నిండాకే ఈ సర్టిఫికెట్ ఇచ్చేవారు, పద్నాలుగేళ్లప్పుడు, పద్దెనిమిదేళ్లప్పుడు మళ్లీ పరీక్షించేవారు. ముందుగా తెలివితేటల పరీక్ష పెట్టేవారు. ఐక్యూ 85 దాటితేనే తర్వాతి మెట్టు, చదవడం రాయడం పరీక్షించే మెట్టు. అంటే మావాడి ఫైలులో ఉన్న కాగితం వాడు మొద్దు కాడని ప్రభుత్వ ఆసుపత్రి చెప్పిన కాగితం. సైకాలజిస్టు మేడం ఈ సంగతి చెప్పినప్పుడు నేను ఆ వరండాలోనే కూర్చుని ఏడ్చాను. ఆ తర్వాత ఊళ్లో కనిపించిన వాళ్లందరికీ, "మావాడు మెంటల్ కాదండీ, ఐక్యూ బాగానే ఉంది" అని చెప్పుకుంటూ తిరిగాను.

ఒకరోజు అలా చెబుతుంటే వెనక వీధి అమ్మాయి వాళ్లమ్మ అక్కడే నిలబడి వింది. ఏమీ అనలేదు. కూరల సంచి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుని వెళ్లిపోయింది. 85 దాటనివాళ్లని మెంటల్ అనవచ్చని నేనే ఊరంతా చాటుతున్నానని అప్పుడు తెలిసింది. సికింద్రాబాద్ బోయినపల్లిలో 1984లో పెట్టిన జాతీయ సంస్థ పేరులో మొదట 'మెంటల్లీ హ్యాండీక్యాప్డ్' అనే ఉండేది. తర్వాత ఆ మాట తీసేసి మేధో వైకల్యం ఉన్నవారి సాధికారత సంస్థగా పేరు మార్చుకుంది. బోర్డు మార్చడం తేలికే. నా నోరు మారడానికి కూరల సంచి కావలసి వచ్చింది.

సినిమాలు ఇంతకంటే ఘోరంగా చూపిస్తున్నాయి కదా అంటారేమో. చూపిస్తున్నాయి. నత్తినీ, మందబుద్ధినీ పెట్టి కామెడీ ట్రాకులు అల్లడం మనకి అలవాటు. 2024 జులైలో సుప్రీంకోర్టు దీని గురించే మాట్లాడింది. వైకల్యం ఉన్నవాళ్ల గురించి అర్థమయ్యేలా చేసే హాస్యం వేరు, వాళ్లని కించపరిచే హాస్యం వేరు అని విడదీసి చెప్పింది. థియేటర్ల సంగతి థియేటర్లు చూసుకుంటాయి, క్లాసు రూము మీ చేతిలో ఉంది.

"మా దగ్గర స్పెషల్ టీచర్లు లేరమ్మా" అన్నది మాత్రం నిజమైన ఇబ్బంది, నేను కాదనను. ప్రాథమిక స్థాయిలో ఇలాంటి పది మంది పిల్లలకి ఒకరు, పై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు చొప్పున స్పెషల్ టీచర్ ఉండాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది, పోస్టులు పెట్టమని 2025 మార్చిలో రాష్ట్రాలకి మళ్లీ చెప్పింది. రెండుసార్లు చెప్పించుకున్నామంటేనే పరిస్థితి తెలుస్తోంది. సర్కారు బళ్లకి మండలాల్లో ఇలాంటి పిల్లల కోసం భవిత కేంద్రాలు ఉన్నాయి, వాటిలో పనిచేసే రిసోర్స్ టీచర్లు ఉన్నారు, వాళ్ల మీద మోయలేనంత పని ఉంది. ప్రైవేటు బళ్లలో చాలా చోట్ల అదీ లేదు. ఐఐటీ ఫౌండేషన్‌కి వేరే ఫ్యాకల్టీని పెట్టుకునే బడికి ఒక్క స్పెషల్ టీచర్ జీతం ఎందుకు బరువవుతుందో నాకు అర్థం కాదు.

అయినా నేనడిగే పనులకి స్పెషల్ టీచర్ అక్కర్లేదు, జీవో అక్కర్లేదు.

రాయలేని పిల్లాణ్ణి రాసి ఇమ్మనకండి. నోటితో చెప్పించుకోండి, వాడికి నమ్మకమున్న మనిషిని పక్కన కూర్చోబెట్టి, అది ఆయమ్మ అయినా సరే. చెప్పింది ఫోన్లో రికార్డు చేయండి. "ఎప్పుడు?" అనకండి, "ఎక్కడ? అప్పుడు నీ చేతిలో ఏముంది? పక్కన ఎవరున్నారు?" అని అడగండి. మావాడికి తారీఖులు గుర్తుండవు గానీ బ్యాగు ఏ రోజు ఏ చెత్తబుట్ట వెనక దొరికిందో ఇప్పటికీ చెబుతాడు. అయిదుగురినీ ఒకే గదిలో కూర్చోబెట్టి అడగడం విచారణ కాదు. ఆ నలుగురిలో ఒకడు మావాడి వైపు చూస్తూ పెన్ను క్యాప్ తీస్తూ పెడుతూ ఉన్నాడు, టిక్ టిక్ అని. ఆ చప్పుడు ఏమిటో నాకు తర్వాత తెలిసింది: బాత్రూం తలుపు మీద వేళ్లతో అలాగే కొట్టేవాళ్లట, వాడు లోపల ఉన్నప్పుడు, బయట గడియ పెట్టి.

చూస్తూ ఊరుకున్నవాళ్లతో మాట్లాడండి. ఆ సెక్షన్‌లో నలభై ఎనిమిది మంది. చేసింది నలుగురు, పడింది ఒకడు, మిగతా నలభై ముగ్గురికీ తెలుసు. ఫిన్లండ్‌లో తుర్కు విశ్వవిద్యాలయం వాళ్లు తయారుచేసిన 'కివా' పద్ధతి దృష్టంతా ఈ చూసేవాళ్ల మీదే. నవ్వేవాళ్లు నవ్వడం మానేస్తే ఏడిపించేవాడికి పని ఉండదు. అంత దూరం వెళ్లక్కర్లేదు, ఒక్కొక్కరినీ విడిగా పిలిచి "నువ్వేం చూశావు?" అని అడిగితే చాలు. మావాడి క్లాసులో ఒక అమ్మాయి రెండుసార్లు బ్యాగు వెతికి తెచ్చిందట. ఆ పిల్లని ఎవరూ ఏమీ అడగలేదు.

చివర్లో ఇద్దరినీ నిలబెట్టి "షేక్‌హ్యాండ్ ఇచ్చుకోండి, అయిపోయింది" అనకండి. ఎవరికి అయిపోయింది? సెక్షన్ మార్చాల్సి వస్తే పడినవాణ్ణి మార్చకండి. ఇంటర్వెల్లో కుళాయిల దగ్గర, మెట్ల కింద, బాత్రూముల బయట, స్కూలు ఆటోలో వెనక సీటు మీద ఏం జరుగుతుందో స్టాఫ్ మీటింగులో తేలదు, ఆయమ్మనీ వాచ్‌మన్‌నీ ఆటో డ్రైవర్నీ నెలకోసారి కూర్చోబెట్టి టీ ఇచ్చి అడగండి. మార్కులు పైకి చదవడం ఆపండి. పైకి చదవమనే ముందు రోజే "రేపు నీకు ఈ పేరా" అని చెవిలో చెప్పండి. సీబీఎస్‌ఈ తన బడులకి 2015లోనే దీని మీద కమిటీలు వేయమని రాసింది, మీలో ఆ సిలబస్ వాళ్లు ఆ కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుందో రిజిస్టరు తీసి చూడండి. నవంబరు మొదటి గురువారం బడుల్లో ఏడిపించడానికి వ్యతిరేకంగా యునెస్కో ఒక దినం పెట్టింది. బాలల దినోత్సవం నాటికి ఫ్యాన్సీ డ్రెస్సుల హడావిడిలో ఉంటారు, ఇది కూడా చేస్తారని నాకు ఆశ లేదు, గుర్తు చేశానంతే.

మేము టీసీ తీసుకున్నాం. "మీకు ఇష్టం లేకపోతే టీసీ తీసుకోవచ్చమ్మా" అని మర్యాదగానే అన్నారు. కానీ తీసుకోవడానికి కారణం ఆ మాట కాదు. మూడు రోజులయ్యాక బడికి వెళ్లిన రోజే మావాడు ఇంటికొచ్చి అన్నం తినలేదు. ఆ మూడు వాక్యాల కాగితం ఫొటో క్లాసు పిల్లల వాట్సాప్ గ్రూపులో తిరుగుతోంది. 'మెటల్' అన్న మాట చుట్టూ ఎర్ర గీత గీసి స్టిక్కర్ చేశారు. మెంటల్ పోయి మెటల్ అయింది పేరు. ఆఫీసు బల్ల మీది కాగితం గ్రూపులోకి ఎలా వచ్చిందని అడిగితే, "పిల్లలు ఏదో చేసుంటారమ్మా" అన్నారు. ఆ బల్ల దగ్గరికి పిల్లలు రారు.

ఇప్పుడు వాడు చదువుతున్న బడి పెద్దదేం కాదు. ఆటస్థలం లేదు, మేడ మీద రేకుల షెడ్డులో తొమ్మిదో తరగతి. మొదటి వారంలో అక్కడి సోషల్ మేడం జవాబులు రాయమనకుండా ఫోన్ చేతికిచ్చి "చెప్పు నాన్నా" అన్నారు. ఫ్రెంచి విప్లవం గురించి పదకొండు నిమిషాలు చెప్పాడు. ఆవిడ ఆ రికార్డింగ్ నాకు పంపారు. మధ్యలో ఒకచోట ఆగి, "ఇంక చాలా మేడం?" అని అడిగాడు, ఆవిడ "లేదు, చెప్పు" అన్నారు. అక్కడ కూడా ఏడిపించేవాళ్లు ఉన్నారు, లేరని అబద్ధం చెప్పను. పోయిన నెల ఒకడు మావాడి నోటుబుక్కు లాక్కుని పైకి చదివాడు. మేడం ఆ అబ్బాయిని తిట్టలేదు, బయటికి పిలిచి ఏం మాట్లాడారో నాకు తెలియదు. మర్నాడు వాడే మావాడి పక్కన కూర్చుని టిఫిన్ డబ్బా తెరిచాడు. అది ఎన్నాళ్లుంటుందో చూడాలి. పఫ్‌ల సంగతి తెలిశాక నాకు ఎవరు పక్కన కూర్చున్నా అనుమానమే.

ఒక్క కోరిక ఉంది, ఇది మీ అందరికీ కాదు, మీలో ఒకరికి. ఆ కాగితం ఇంకా మీ ఆఫీసులోనే ఉంది. టీసీ ఇచ్చేటప్పుడు అడిగితే "ఫైలులో ఉండాలమ్మా" అన్నారు. ఫొటోలు తీయగలిగినవాళ్లకి ఒక జిరాక్సు తీసి ఫైలులో పెట్టుకోవడం కష్టం కాదు. అసలుది నాకు పంపించండి. మావాడు రాసి ఇచ్చిన మొదటి ఫిర్యాదు అది. చదివినవాళ్లు లేరు కాబట్టి, నేను చదివి దాచుకుంటాను.

ఇట్లు,
తొమ్మిదో తరగతి చదువుతున్న ఒక అబ్బాయి తల్లి